ఏ పట్టణము వాసయోగ్యము?



ఈ దినము నేను ప్రసంగింపదలచిన విషయము పట్టణములను గూర్చినది. వాని చరిత్ర గాదు, వాని వింతలును గావు. ఏ పట్టణము నివాసమునకు యోగ్యమైనదని జనులు తలంతురు, ఆ తలంపు వారికెట్లు కలుగును, అది యెంతవఱకు నమ్మదగినది అనునదియే నేటి ప్రశ్న. ఇది పొద్దుపోక వేసికొన్న ప్రశ్న గాదు. మన గోదావరీ మండలములలో ఈ ప్రశ్నకు జెప్పుకొన్న సమాధానమును బట్టి యెకరములు అమ్ముడుపోవుచున్నవి, ఇండ్లు తాకట్టుపడుచున్నవి, పిల్లల పెండ్లిండ్లు కుదురుచున్నవి, తప్పిపోవుచున్నవి.

పెండ్లి సంబంధము మాటలాడుచోట గూర్చుండి వినుడు. వరుని గుణగణముల కంటె ముందుగా "అబ్బాయి ఎక్కడ ఉంటున్నాడండీ?" అను ప్రశ్న వచ్చును. రాజమహేంద్రవరమనిన నొక విలువ. విశాఖపట్టణమనిన మఱియొక విలువ. హైదరాబాదు, బెంగుళూరు అనిన నంతకు మించిన విలువ. అమెరికాలో డల్లాసనియో న్యూజెర్సీయనియో చెప్పినచో మాటలాడువారి కంఠస్వరమే మాఱిపోవును. ఆ పట్టణములను గన్నులార జూచినవారు ఆ సభలో నొకరిద్దఱే. విలువ కట్టువారు మాత్రము అందఱును. దూరపు కొండలు నునుపని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

మఱి పట్టణమునకు విలువ కట్టుటకు కొలబద్ద యేది? దానికై మనము దూరము పోనక్కఱలేదు. సుమతీ శతకమును మీలో నెఱుగనివారుండరు. నివసింపదగిన యూరికి నాలుగు లక్షణములు అందు జెప్పబడినవి. అక్కఱకు ఋణమిచ్చువాడు, రోగము కుదుర్చు వైద్యుడు, ఎండిపోని యేఱు, ద్విజుడు. ఇవి లేనిచోట నుండవలదని కవి శాసించినాడు. ద్విజుడనగా నేడు కులముతో బనిలేక చదువును మంచిచెడ్డలను జెప్పగలవాడని యర్థము చెప్పుకొందము. ఈ పద్యమును బడిపిల్లలచే వల్లె వేయించుటలోనే నా జీవితములో అధికభాగము గడచినది. మేడలెన్ని యంతస్తులుండవలెనో, వీథులలో దీపములెన్ని వెలుగవలెనో కవి చెప్పలేదు. మనుష్యుడు ఆపదలో నున్నప్పుడు ఊరు అతని కేమి చేయునో, దానిని మాత్రమే యడిగినాడు. మనవారు ఒకప్పుడు మోజుపడిన పట్టణములకు, నేడు మోజుపడుచున్న పట్టణములకు వరుసగా నీ కొలబద్దను బెట్టి చూతము.

మొదటిది రంగూను. నూఱేండ్ల క్రిందట మన తీరమందలి కూలిజనమునకు పట్టణమనగా రంగూనే. యానామునకు జేరువనున్న కోరంగి రేవు ఒకప్పుడు ఓడల నిర్మాణమునకును సముద్రవ్యాపారమునకును ప్రసిద్ధము. 1789లోను, మఱల 1839లోను ఉప్పెనలు వచ్చి దానిని ధ్వంసము చేసినవి. రేవు చెడినను పేరు చెడలేదు. బర్మాలో మనవారిని కోరంగీలనియే పిలిచిరి. తరువాతి కాలమున కాకినాడ నుండియు విశాఖపట్టణము నుండియు పొగయోడలు నడచినవి. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. దానితో డెల్టా భూములు పచ్చబడినవి. అయినను కూలివాడు రంగూను పోవుట మానలేదు. ఏలయన, నీరు పొలమునకు వచ్చినది గాని పొలము కూలివానికి రాలేదు. ఊరిలో వెట్టియు చిన్నచూపును భరించినవానికి, పేరును కులమును అడుగక కూలి లెక్కపెట్టి చేతిలో బెట్టుటయే గౌరవముగ దోచినది. ఈ మాటను మీరు గుర్తుంచుకొనవలెను. దీని ప్రసక్తి మఱల వచ్చును.

అక్కడ వారికి దొరకిన పనులు ఓడరేవులో మూటలు మోయుట, బియ్యపు మిల్లులలో చాకిరి, రిక్షాలు లాగుట, వీథులూడ్చుట. 1931 జనాభా లెక్కలలో రంగూను నగరవాసులలో సగమునకు పైగా భారతదేశమువారే. ఊరికి తిరిగి వచ్చినవాడు పెట్టె నిండ సామానుతో వచ్చెడివాడు. కలవారి యిండ్లకు బర్మా టేకు స్తంభములు వచ్చినవి. వచ్చినవానిని ఊరివారు చూచిరి. రానివానిని ఎవరును జూడలేదు. పట్టణపు కీర్తి యెప్పుడును తిరిగి వచ్చినవాని పెట్టెలోనుండియే పుట్టును.

ఇప్పుడు కొలబద్దను బెట్టుదము. ఋణదాత యున్నాడా? ఉన్నాడు. అతడు మేస్త్రీ. ఓడ కూలికిని ఇంటి ఖర్చునకును ముందుగా సొమ్మిచ్చి మనుష్యులను గొనిపోవువాడతడే. ఆ బాకీ కూలిలో కోతబడుచు, తీఱువఱకు మేస్త్రీని విడిచిపోవు వీలు లేకుండ జేసెను. శతకకారుడు చెప్పిన ఋణదాత అక్కఱ గడపువాడు. మెడకు త్రాడు తగిలించువాడు గాడు. వైద్యము మాట యేమి? 1931లో వెలువడిన రాయల్ శ్రామిక విచారణ సంఘపు నివేదిక రంగూనులోని కూలీల బసల యిఱుకును గూర్చి యెంతయో విచారముతో వ్రాసినది. పరిమితికి మించి మనుష్యులను గుక్కిన యా గదులలో రోగము వచ్చినవానికి వైద్యుడు కాదు, గాలియే కఱవు.

1930 మే మాసమున రేవు కూలీలు సమ్మె చేసిరి. యజమానులు వారికి బదులుగా బర్మీయులను బనిలో బెట్టుకొని, సమ్మె ముగియగానే వారిని దీసివేసిరి. పని పోయినవారి కోపము యజమానుల మీదికి బోలేదు. ఎదుటి కూలివాని మీదికి బోయినది. ఆ యల్లరులలో తెలుగువా రనేకులు హతులైరి. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా భారతదేశమునుండి వేఱుపడినది. అంతవఱకు ఒక ప్రభుత్వము క్రింద నున్నవాడు ఆ దినమున బరదేశి యయ్యెను. 1938లో మఱల అల్లరులు. 1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు గురిపించినవి. 1942 మార్చిలో నగరము జపానువారి వశమైనది. లక్షలకొలది భారతీయులు అడవులును కొండలును దాటుచు కాలినడకన స్వదేశమునకు బయలుదేఱిరి. దారిలో ఆకలికిని రోగమునకును వేలకొలది జనులు బలియైరి. పిమ్మట మిగిలియున్నవారిలో అనేకులు, 1964లో అచ్చటి ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసిన మీదట, ఓడలెక్కి వచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపను పేట నేటికిని గలదు.

కావున శతకములోని నాలుగు లక్షణములకు నేటి కాలమునకై మనము ఐదవదానిని జేర్చుకొనవలెను. అచ్చట నిలుచుటకు మనకు హక్కు గలదా? ఈ యైదవది లేనిచో మొదటి నాలుగును ఒక్క రాత్రిలో పోవచ్చును.

రెండవది చెన్నపట్టణము. ఇది చదువుకొన్నవారి మోజు. హైకోర్టు, 1857లో స్థాపితమైన విశ్వవిద్యాలయము, పేరుపొందిన వైద్యశాలలు, ఆ తరువాత చలనచిత్రములు, ఇవన్నియు మనవారిని అచ్చటి కాకర్షించినవి. వైద్యుడు, విద్యావంతుడు అను రెండు లక్షణములు అచ్చట సమృద్ధిగ నుండెను. నీటి విషయమున మాత్రము ఆ నగరము చిరకాలముగా బీదయే. 2019 వేసవిలో జలాశయములెండి, జోలార్‌పేటనుండి రైలుబండ్లలో నీరు తెప్పించుకొనవలసి వచ్చినది. మనవారి మోజు తగ్గినది మాత్రము నీటివలన గాదు. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15వ తేదీన ప్రాణత్యాగము చేసిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము, 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశము ఏర్పడినవి. రాజధాని యెటు కదలిన మన చూపు అటు కదలినది. చెన్నపట్టణపు సముద్రము గాని వీథులు గాని మాఱలేదు. మన పిల్లలకు ఉద్యోగపు టుత్తరువు వచ్చు చోటు మాఱినది.

హైదరాబాదు మాట చెప్పుదము. 1908లో మూసీ వఱద వచ్చిన తరువాత ఆ నగరమునకు రక్షణగను త్రాగునీటికిని ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము నిర్మింపబడినవి. నగరము పెరుగగా నవి చాలక కృష్ణాజలమును, 2015 నుండి ఎల్లంపల్లి యొద్ద గోదావరీజలమును గొట్టములగుండ దెచ్చుకొనుచున్నారు. మన బిడ్డ గోదావరి గట్టు విడిచి పోయి, నూఱు మైళ్లకు పైగా గొట్టములో నడచి వచ్చిన గోదావరి నీటినే అచ్చట వెల యిచ్చి త్రాగుచున్నాడు. వైద్యమునకును విద్యకును ఆ నగరము గొప్పదే, సందేహము లేదు. కాని 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండైనప్పుడు, జీవితకాలపు కష్టార్జితముతో అచ్చట ఇల్లు కట్టుకొన్న మనవా రెందఱో "ఇక మన సంగతేమి?" అని పరస్పరము అడుగుకొనిరి. ఎవ్వరు నెవ్వరిని వెళ్లగొట్టలేదు. ఆ నగరము వారిని మన్నించినది. అయినను ఐదవ ప్రశ్న వారి మనసులో మెదలకపోలేదు. ఇక బెంగుళూరు. 2024 వేసవిలో అచ్చటి గొట్టపుబావులు ఎండిపోయి, లక్షల జీతములు గలవారు నీటి బండికై ఎదురుచూచిరి.

నేటి గొప్ప మోజు అమెరికా. 2010కిని 2017కును నడుమ ఆ దేశములో అన్నిటికంటె వేగముగ బెరిగిన భాష తెలుగని అచ్చటి జనాభా లెక్కలవలన దేలినది. 1976లో పిట్స్‌బర్గు నగరము చెంత వేంకటేశ్వరస్వామి యాలయము వెలసినది. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘము పుట్టినది. డల్లాసు పరిసరములలోను, న్యూజెర్సీలో ఎడిసను నందును, శాన్‌ఫ్రాన్సిస్కో తీరమునను మనవారి కాపురములు దట్టముగ నున్నవి. వారు ఆ యూళ్లను ఎంచుకొన్నది మేడలు చూచి గాదు. పిల్లలకు మంచి బడి, చేరువలో ఉద్యోగము, పిలిచిన బలుకు తెలుగువారు, పండుగకు బోవుటకు గుడి, ఇవి చూచియే. శతకకారుని లెక్కకు వారు మనకంటె దగ్గఱగ నున్నారనవలెను.

అయినను ఐదవ ప్రశ్నను అచ్చటను మఱువరాదు. అచ్చట ఉద్యోగము చేయుటకు ఏటేట నిచ్చు హెచ్-1బి యనుమతులకు 85,000 అను పరిమితి గలదు. కోరువారు అంతకు బెక్కురెట్లు గనుక చీట్లు దీసి యెన్నుకొనుచు వచ్చిరి. శాశ్వతనివాసపు పత్రములలో ఒక్కొక్క దేశమువారికి నూటికి ఏడు మించి యీయరాదని చట్టము. అందుచేత మనదేశమువారు సంవత్సరములు గాదు, దశాబ్దములు వేచియున్నారు. 2025 సెప్టెంబరులో అచ్చటి యధ్యక్షుడు క్రొత్త యనుమతి కోరు యజమానులపై లక్ష డాలర్ల రుసుము విధించుచు బ్రకటన చేసెను. చదువుకొఱకు బోవు పిల్లవాడు ఇంటి దస్తావేజును బ్యాంకులో నుంచి పోవుచున్నాడు. మేస్త్రీ ముందుసొమ్మునకును దీనికిని భేదము లేదని నేననను. బ్యాంకు అప్పు చట్టమునకు లోబడినది, చదువు మనుష్యునితోనే యుండునది. కాని అప్పు ఇచ్చట, సంపాదన అచ్చట, నిలుచు హక్కు వేఱొకని చేతిలో నున్నప్పుడు, తాకట్టుపడినది తల్లిదండ్రుల ముసలితనమని మాత్రము తెలిసి సంతకము చేయవలెను.

ఇంతవఱకు మనవారి తలంపులను జెప్పితిని. వినికిడిని బట్టి పట్టణములకు విలువ కట్టుట మనకు మాత్రమే గల గుణమా? కాదు. ఆ యమెరికావారే తమ పట్టణములను గూర్చి యేమనుకొందురో చూడుడు. 2023లో గాలప్ సంస్థవారు కొన్ని మహానగరముల పేర్లు చెప్పి, ఇవి నివసించుటకో చూచి వచ్చుటకో క్షేమమైనవా యని దేశప్రజలను బ్రశ్నించిరి. డల్లాసు క్షేమమైనదని నూటికి 74 మంది, బోస్టను క్షేమమైనదని 72 మంది చెప్పిరి. షికాగోను అట్లు చెప్పినవారు 27 మంది, డిట్రాయిటును చెప్పినవారు 26 మంది మాత్రమే. సమాధానము చెప్పినవారిలో ఎక్కువమంది ఆ నగరములలో గాపురమున్నవారు గారు. అంతేకాదు, ఒక రాజకీయపక్షమునకు జెందినవారు క్షేమమన్న నగరమును రెండవ పక్షమువారు భయంకరమనిరి. నగరమొక్కటియే, వీథులవియే, చూచు కన్ను మాత్రము వేఱు. ఇంకొక వింత గలదు. దేశములో నేరములు పెరుగుచున్నవని చెప్పు అమెరికనులు, తమ సొంత యూరిని గూర్చి యడిగినప్పుడు అంతగా జెప్పరు. ఇది ఆ సంస్థవారు ఎన్నో యేండ్లుగా గమనించుచున్న సంగతి. తెలిసిన యూరిలో మనుష్యులు కనబడుదురు, తెలియని యూరిలో వార్తలు మాత్రమే వినబడును. అందుచేతనే దూరపు పట్టణము కొందఱికి స్వర్గముగను, కొందఱికి నరకముగను దోచును. రెండును వినికిడియే. షికాగో చుట్టుపట్ల ననేక తెలుగు కుటుంబములు పిల్లలను జదివించుకొనుచు నెమ్మదిగ బ్రదుకుచున్నవి గదా.

కీర్తి గల నగరము క్షీణించుటకు అమెరికాలో ఉదాహరణము డిట్రాయిటు. మోటారుబండ్ల పరిశ్రమకు రాజధానియై, 1950లో 18 లక్షలకు పైబడిన జనులతో వెలిగిన యా నగరములో 2020 నాటికి ఆఱున్నర లక్షలమందియైనను లేరు. ఒకే పరిశ్రమను నమ్ముకొన్న పట్టణము, ఒకే రేవును నమ్ముకొన్న కోరంగి, రెండింటి కథయు నొక్కటే. 2020 చివర అదే సంస్థ యడుగగా, వీలున్నచో చిన్న యూరిలోనో పల్లెలోనో నివసింతుమని నూటికి 48 మంది యమెరికనులు చెప్పిరి. మన పిల్లలు పోగోరు నగరములనుండి అచ్చటివారిలో నెందఱో పల్లెకు బోగోరుచున్నారు.

ఈ మాట విని, "అయితే మన పల్లెయే మేలు" అని మీరు సంతోషింపవలదు. కొలబద్దను ఇంటికి గూడ బెట్టవలెను. ఎండిపోని యేఱు మనకున్నదందుము. గోదావరి యున్నది, నిజమే. కాని కాలువల చివరనున్న సముద్రతీర గ్రామములలో వేసవి వచ్చునప్పటికి త్రాగుటకు మంచినీరు కఱవు. చేపల చెఱువులు, రొయ్యల చెఱువులు పెరిగినచోట బావినీరు ఉప్పనైనది. పట్టణముల మురుగు కాలువలలో గలియుచున్నది. గోదావరి డెల్టాలో బుట్టి నీటిడబ్బా కొనుక్కొనువాడు, శతకకారుని మూడవ లక్షణము తన యూరికి లేదని యొప్పుకొన్నట్లే. వైద్యుడున్నాడా? కాకినాడలో 1958లో స్థాపింపబడిన రంగరాయ వైద్య కళాశాలనుండి ఎందఱో వైద్యులు వెలువడిరి. పల్లెలో రాత్రివేళ గుండెనొప్పి వచ్చినవానికి వారిలో నొక్కడైన దగ్గఱ నున్నాడా? రాజమహేంద్రవరము నన్నయ భట్టారకుని నాటినుండి విద్యకు నెలవు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881లో మొదటి వితంతు వివాహమును జరిపించిన యూరు అది. గౌతమీ గ్రంథాలయము నేటికిని గలదు. అట్టి మండలములో మీ యూరి బడికి మీ మనుమని బంపుచున్నారా యని నేనడిగిన, మీరు తల వంచుకొందురేమో!

ఇక నిలుచు హక్కు. మన యూరిలో మనకు హక్కుండుటకు ఎవరి యనుమతి కావలెనని మీరనవచ్చును. రంగూను పోయిన కూలివానిని మఱల దలచుకొనుడు. అతడు పరదేశపు రేవులో మూటలు మోయుటకు బోయినది, సొంత యూరిలో తనకు నిలుచు చోటు లేకపోవుటచేత. మన యూరు మంచిదని చెప్పుటకు ముందు, ఎవరికి మంచిదని యడుగవలెను. పొలము గలవానికా, పొలములో దిగువానికా? మగవానికా, చదువుకొన్న యాడుబిడ్డకా? చదువుకొన్న పిల్ల సాయంకాలము నిర్భయముగ నడచిపోలేని యూరు, ఆమెకు హైదరాబాదుకంటె దూరమైన పరదేశమే.

కావున పెద్దలారా, నా మనవి యింతమాత్రమే. పిల్లలను పోవలదని నిర్బంధింపకుడు. పొలము చీలికలైన యిండ్లలో అట్లనుట న్యాయమును గాదు. పొరుగువాని పిల్లవాడు పోయినాడని త్రోసి పంపకుడు. ఏ పట్టణమైనను ఐదు ప్రశ్నలడుగుడు. అచ్చట అప్పు పుట్టిన, అది తీఱునదా, తగులుకొనునదా? రోగము వచ్చిన ఎవరు చూతురు, ఎంత యగును? నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది? పిల్లలకు చదువు చెప్పువాడెవడు? మన కచ్చట నిలుచు హక్కు ఎన్నాళ్లు? ఈ ప్రశ్నలకు తిరిగి వచ్చినవాని పెట్టె సమాధానము చెప్పదు. అచ్చట నున్నవానికి జాబు వ్రాసియో, ఫోనులో మాటలాడియో, నెల జీతముతో బాటు నెల యద్దెను గూడ నడిగి తెలిసికొనుడు.

అవే యైదు ప్రశ్నలను సంవత్సరమున కొక్కసారియైన గ్రామసభలో మీ యూరిని గూర్చి యడుగుడు. డల్లాసు నీటిని మనము మార్చలేము, హైదరాబాదు అద్దెలను మార్చలేము. మన కాలువ గట్టు, మన బడి, మన యాసుపత్రి, మన వీథిలో ఆడుబిడ్డ నడచు దారి, ఇవి మన చేతిలోనివి. రంగూను మోజు పోయినది, చెన్నపట్టణపు మోజు తగ్గినది, నేటి మోజులును రేపటికి మాఱును. నాలుగు దినములకై వచ్చిన మనుమడు, "తాతయ్యా, ఇక్కడ కూడ ఉండవచ్చునే!" అని తనంతట తాననునట్లు మన యూరు ఉండవలెను. అట్లనిపించుట కష్టమైన పనియే కాని, అది ఎవరి యనుమతియు నక్కఱలేని పని.